వాయుసేన, నౌకాదళం, సైన్యం, తీర రక్షక దళం: ఏ పైలట్ మీద ఏ పని, ఎంత భారం?

పలమనేరు ఉపాధ్యాయిని:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తిరుపతిలో ఇంటర్మీడియట్ ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షకు దరఖాస్తు పెట్టబోతున్నాడు. సైన్యం, నౌకాదళం, వాయుసేన, నౌకాదళ అకాడమీ, వీటిలో దేనికి మొదటి స్థానమో, దేనికి తర్వాతి స్థానమో ఆ దరఖాస్తులోనే వరుసగా తెలపాలి. వాడికి పైలట్ కావాలన్నది తప్ప వేరే ఆలోచన లేదు. బంధువుల్లో ఒకరేమో వాయుసేనలో చేరితే రోజంతా ఆకాశంలోనే ఉంటారంటారు, మరొకరు నౌకాదళంలో చేరితే నెలల తరబడి మనిషి కనబడడంటారు, ఇంకొకరు సైన్యంలో అసలు పైలట్లే ఉండరంటారు. జీతభత్యాల సంగతి నేను అడగడం లేదు. పైలట్‌గా చేరినవారి దినచర్య ఒక్కో దళంలో ఎలా ఉంటుంది, విమానం నడపడంతో పాటు ఇంకే బాధ్యతలు మీద పడతాయి, ఏ పని మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది అన్నవి ఆ దళాల్లో పనిచేసి వచ్చినవారు వివరిస్తే మేము ఆలోచించుకుని నిర్ణయం తీసుకుంటాం.

రేణిగుంట ఎయిర్‌ఫ్రేమ్:

నమస్కారం అమ్మా. నేను పైలట్‌ను కాను. వాయుసేన యుద్ధవిమానాల స్క్వాడ్రన్లలో (దళాల్లో) ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా, అంటే విమానం బాడీ మరమ్మతులు చూసే పనివాడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పైలట్‌కు విమానాన్ని అప్పగించేదీ, దిగిన తర్వాత తిరిగి అందుకునేదీ మేమే కనుక వారి రోజు ఎలా గడుస్తుందో దగ్గర నుంచి చూశాను.

రోజంతా ఆకాశంలోనే ఉంటారన్న మాట నిజం కాదు. యుద్ధవిమానం ఒక సార్టీకి (ఒక విడత ఎగిరి రావడానికి) వెళ్తే మామూలుగా గంట అటూ ఇటూగా తిరిగి వస్తుంది. ఆ గంట కోసం పైలట్ తెల్లవారకముందే స్క్వాడ్రన్‌కు చేరతాడు. మొదట వాతావరణంపై బ్రీఫింగ్, ఆ తర్వాత కలిసి ఎగరబోయే పైలట్లందరికీ ఆ సార్టీ గురించిన బ్రీఫింగ్ జరుగుతాయి. ఎవరు ఎక్కడ ఉండాలి, ఇంధనం ఎంత మిగిలినప్పుడు వెనుదిరగాలి, రేడియో పనిచేయకపోతే ఏం చేయాలి అన్నవన్నీ అక్కడే తేల్చుకుంటారు. అది ముగించుకుని మా దగ్గరికి వచ్చి ఫామ్ 700 తెరుస్తాడు. ఆ విమానంలో ఇంతకు ముందు ఏ లోపం కనబడింది, దాన్ని ఎవరు సరిచేశారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది అందులో ఉంటుంది. అంతా చదివి సంతకం చేసిన క్షణం నుంచి ఆ విమానం బాధ్యత ఆయనదే. సంతకం చేశాక కూడా నేరుగా నిచ్చెన ఎక్కడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు, పిన్నులు, ప్యానెళ్ల స్క్రూలు చేత్తో తాకి చూసుకుంటాడు. దిగి వచ్చేటప్పటికి ఒంటి మీది ఫ్లయింగ్ దుస్తులు వీపు మీద చెమటతో తడిసి అంటుకుపోయి ఉండేది, జనవరి చలిలో కూడా. అటుపిమ్మట డీబ్రీఫ్ ఉంటుంది. గాలిలో రికార్డయిన దృశ్యాలను ఆపి ఆపి చూస్తూ ఎక్కడ తప్పు జరిగిందో చర్చించుకుంటారు. ఎగిరిన సమయం కంటే దానికే ఎక్కువ సమయం పట్టిన రోజులు చాలా ఉండేవి.

ఇవి కాక స్క్వాడ్రన్ పనులు ఉంటాయి. ఒకరు అడ్జుటెంట్ (కార్యాలయ వ్యవహారాలు చూసే అధికారి), ఒకరు ఫ్లైట్ సేఫ్టీ చూసే అధికారి, ఒకరు మెస్ లెక్కలు చూడాలి, ఏదైనా విచారణ వస్తే అందులో కూర్చోవాలి. ఏటా ఎగిరే అర్హతకు పరీక్షలు, దానికి చదువు. వీటన్నిటి మీదా ఓఆర్‌పీ డ్యూటీ, అంటే తక్షణం ఎగరడానికి సిద్ధంగా ఉండే కాపలా. రన్‌వే పక్కన విమానం ఆయుధాలతో సిద్ధంగా ఉంటుంది. పైలట్ జీ-సూట్ (వేగపు మలుపుల్లో ఒత్తిడిని తట్టుకునే దుస్తులు) తొడుక్కుని పక్క గదిలోనే ఉంటాడు. గంట మోగిన కొద్ది నిమిషాల్లో ఆకాశంలో ఉండాలి. ఆ రోజు గంట మోగకపోతే ఎగిరిన సమయం రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక్క నిమిషం కూడా నమోదు కాదు. 2025 సెప్టెంబరులో మిగ్-21 విమానాలకు వీడ్కోలు చెప్పాక, 42 ఉండవలసిన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు 29కి తగ్గాయి. సరిహద్దు మాత్రం తగ్గలేదు కనుక ఆ కాపలా ఉన్నవారి మీదే పడుతుందని నేను అనుకుంటున్నాను.

కాళహస్తి పరిశీలకుడు:

రేణిగుంట వారు చెప్పినది బాగుంది కానీ, పనిభారాన్ని కొలవాలంటే ఎగిరిన గంటలే సరైన కొలమానమని నా అభిప్రాయం. పౌర విమానయానంలో కూడా పైలట్ అలసటను అదుపులో ఉంచేది ఏడాదికి 1,000 గంటలకు మించరాదన్న పరిమితే కదా. ఆ లెక్కన గంటసేపు ఎగిరే యుద్ధవిమాన పైలట్ కంటే రవాణా విమాన పైలట్ మీదే భారం ఎక్కువ ఉండాలి. 2024 మార్చిలో అరేబియా సముద్రంలో రూయెన్ అనే ఓడను దొంగల చేతుల్లో నుంచి విడిపించినప్పుడు, వాయుసేన సి-17 విమానం దాదాపు పది గంటలు ఎగిరి, తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో నౌకాదళ మార్కోస్ కమాండోలను, వారి పడవలను పారాచూట్లతో దించింది. అటువంటి పనిని గంట సార్టీతో ఎలా పోలుస్తాం?

తిరుపతి డాక్టరు:

గంటల లెక్క అలసటలో ఒక పార్శ్వం మాత్రమే చూపుతుందండి. ఆ గంటలో శరీరం ఏ స్థితిలో ఉందన్నది అందులో కనబడదు. యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు 9 జి వరకు, అంటే భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల వరకు ఒత్తిడి వస్తుంది. అంటే 70 కిలోల మనిషికి తన శరీరం ఆ కొద్ది క్షణాలు 630 కిలోలుగా అనిపిస్తుంది. రక్తం తలలో నుంచి కాళ్లలోకి జారిపోతుంది, చూపు ముందు రంగులు కోల్పోయి, తర్వాత అంచుల నుంచి ముడుచుకుంటూ వచ్చి, చివరకు స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. దానిని ఎదుర్కొనేందుకు కాళ్లు, పొట్ట కండరాలు బిగబట్టి ప్రత్యేక పద్ధతిలో శ్వాస తీసుకుంటూ, అదే సమయంలో రాడార్ చూడాలి, రేడియోలో మాట్లాడాలి, తోటి విమానాన్ని కనిపెట్టి ఉండాలి. తేజస్ వంటి ఒంటి సీటు విమానంలో ఇవన్నీ ఒక్కడే చేసుకోవాలి. మెడ, నడుము నొప్పులు ఈ వృత్తిలో సాధారణం. మనకు పొరుగునే ఉన్న బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో సెంట్రిఫ్యూజ్ యంత్రంలో కూర్చోబెట్టి గిరగిర తిప్పుతూ ఈ ఒత్తిడిని తట్టుకోవడం నేర్పుతారు.

సి-17 పైలట్ అలసట వేరే రకం. నిద్ర వేళలు తారుమారు కావడం, గంటల తరబడి ఏకాగ్రత నిలుపుకోవడం, రాత్రిపూట తెలియని చోట దిగడం. పక్కన మరో పైలట్ ఉంటాడు కనుక పని పంచుకోవచ్చు. ఒకటి కండరాల మీద పడే భారం, మరొకటి నిద్ర మీద పడే భారం. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెతో కొలవడం వైద్యపరంగా కుదరదు. అందువల్ల ఒక దళానికీ మరో దళానికీ ఉన్న తేడా కంటే, ఒకే వాయుసేనలో యుద్ధవిమానానికీ, రవాణా విమానానికీ, హెలికాప్టర్‌కూ మధ్య ఉన్న తేడాయే పెద్దదని నేను భావిస్తున్నాను.

పుంగనూరు ఫిరంగి:

డాక్టరు గారి మాటలో చాలా నిజముంది. అయితే సైన్యంలో పైలట్లే ఉండరన్న మాటను మాత్రం నేను అంగీకరించను. నేను ఫిరంగి దళంలో సుబేదారుగా చేసి వచ్చాను. సైన్యానికి సొంత వైమానిక విభాగం 1986 నవంబరు 1న ఏర్పడింది. అంతకు ముందు కూడా మా ఫిరంగి దళానికి చెందిన అధికారులే చిన్న విమానాల్లో ఎగిరి, గుండు ఎక్కడ పడిందో పై నుంచి చూసి మాకు చెప్పేవారు. ఇప్పుడు చీతా, చేతక్, ధ్రువ్, రుద్ర, ప్రచండ్ హెలికాప్టర్లు ఉన్నాయి. 2025 జులైలో అపాచీలు కూడా రావడం మొదలైంది. శిక్షణ నాసిక్‌లో జరుగుతుంది.

సియాచిన్‌లో మేము హెలికాప్టర్ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నవాళ్లం. 1984 నుంచి అక్కడి చౌకీలకు అటు వాయుసేన పైలట్లూ, ఇటు సైన్యం పైలట్లూ చీతాలు నడుపుతున్నారు. హెలిప్యాడ్ అంటే మంచును తొక్కి చదును చేసిన కొద్దిపాటి జాగా. ఇంజను ఆపరు, ఆపితే ఆ చలిలో తిరిగి అంటుకుంటుందన్న నమ్మకం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన ఒక జవానును ఎక్కించిన రోజు నాకు బాగా గుర్తుంది. పైలట్ మాస్కు తీయకుండానే చేతివేళ్లతో సైగ చేసి, తెచ్చిన కిరసనాయిలు జెర్రీక్యాన్లను ముందు దించమన్నాడు. మనిషిని ఎక్కించాక అతని కిట్ సంచిని కూడా తీసేయమన్నాడు. ఆ ఎత్తులో గాలి పలుచన కనుక రెక్కలకు పట్టు తక్కువ, ఇంజనుకు బలం తక్కువ. ఒక సంచి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. మొత్తం పని నిమిషంలో అయిపోయింది. అటువంటి రాకపోకలు అదే పైలట్ ఆ పూటే మళ్లీ మళ్లీ చేస్తాడు. లాగ్‌బుక్‌లో చూస్తే అవి కొద్ది నిమిషాల ప్రయాణాలు, అంతే.

ఇక సైన్యపు పైలట్ బాధ్యతల్లో ఉన్న అసలు తేడా ఏమిటంటే, ఆయన మొదట సైనికాధికారి, తర్వాతే పైలట్. చాలామంది ఏదో ఒక రెజిమెంటులో చేరి, జవాన్లతో కలిసి కొన్నేళ్లు గడిపి, ఆ తర్వాత స్వచ్ఛందంగా వైమానిక విభాగానికి వస్తారు. సైన్యంలో తొలి మహిళా యుద్ధ వైమానికురాలైన కెప్టెన్ అభిలాషా బరాక్ కూడా 2018లో ఎయిర్ డిఫెన్స్ విభాగంలో చేరి, 2022 మేలో ఆ అర్హత పొందారు. కింద నేల మీద ఉన్న దళం ఎలా కదులుతుందో, ఏ కొండ వెనుక ఎవరుంటారో తెలిసినవాడు పై నుంచి సాయం చేస్తే ఆ సాయం వేరుగా ఉంటుంది. నేను కింద ఉండి అందుకున్నవాడిని కనుక చెబుతున్నాను.

నగరి నేవీ:

నమస్కారం. నాది నగరి. అరక్కోణంలో ఉన్న నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాలిలోనూ, ఓడల మీదా హెలికాప్టర్ల సాంకేతిక సిబ్బందిగా పనిచేశాను. తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో వెళ్లేవాళ్లు అరక్కోణం దాటుతారు కానీ, నౌకాదళ హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే పాఠశాల, జలాంతర్గాములను వెతికే పీ-8ఐ విమానాల స్క్వాడ్రన్ అక్కడే ఉన్నాయని మన జిల్లాలో చాలామందికి తెలియదు.

నౌకాదళ పైలట్ పనిని అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆయన మొదట నావికుడు. ఎన్‌డీఏ నుంచి వచ్చినవారు ముందు ఓడల మీద సముద్ర శిక్షణ పొంది, నౌకను నడిపే అర్హతలు సంపాదించి, ఆ తర్వాతే విమానాల వైపు వస్తారు. నౌకాదళ ప్రధానాధికారిగా చేసిన అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్ గారి జీవితం చూడండి. 1971 యుద్ధంలో వాయుసేనకు డెప్యుటేషన్ మీద వెళ్లి హంటర్ విమానం నడిపి వీరచక్ర అందుకున్నారు; తర్వాత ఐఎన్‌ఎస్ విరాట్ విమాన వాహక నౌకకే నాయకత్వం వహించారు. అంటే పైలట్‌గా ఎదుగుతూనే ఓడ విద్య కూడా మరచిపోకుండా ఉండాలి. ఇవి రెండు చదువులు, రెండు వృత్తులు. కాళహస్తి వారి గంటల లెక్కలో ఈ రెండో వృత్తి ఎక్కడ చేరుతుందో ఆలోచించండి.

విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. మిగ్-29కె యుద్ధవిమానం దాని మీద దిగేటప్పుడు తోక కొక్కెం డెక్ మీది తీగల్లో ఒకదానిని పట్టుకోవాలి. పట్టుకోకపోతే వెంటనే తిరిగి గాలిలోకి లేవాలి కనుక డెక్ తాకే క్షణంలో పైలట్ వేగం తగ్గించడానికి బదులు ఇంజనుకు పూర్తి బలం ఇస్తాడు. నేల మీద దిగడానికి అలవాటుపడిన చేతికి ఇది పూర్తిగా వ్యతిరేకం. 2023 మేలో విక్రాంత్ మీద తొలిసారి రాత్రిపూట మిగ్-29కె దిగింది.

హెలికాప్టర్ పైలట్ సంగతి దీనికంటే తక్కువేమీ కాదు. చిన్న యుద్ధనౌక వెనుక భాగంలో ఒక హెలికాప్టర్, కొద్దిమంది పైలట్లు, మాలాంటి సాంకేతిక సిబ్బంది కొద్దిమంది ఉంటాం. వర్షాకాలపు సముద్రంలో ఓడ పక్కలకు ఒరుగుతుంది, వెనుక భాగం లేచి పడుతుంది. పైలట్ హెలికాప్టర్‌ను డెక్ పైన గాలిలో నిలిపి, ఆ ఊపు కాసేపు నెమ్మదించే సందు కోసం చూసి చటుక్కున దించుతాడు. దిగీ దిగగానే మేము వంగి పరుగెత్తి గొలుసులతో డెక్‌కు బిగించేవాళ్లం. చేతి తొడుగు ఉప్పు నీటితో జారేది. ఆ తర్వాత పైలట్ ఇంటికి వెళ్లడానికి ఇల్లు లేదు. అదే ఓడలో, అదే ఇరుకు గదిలో, ఓడ పనుల్లో పాలుపంచుకుంటూ నెలలు గడపాలి. ఉపాధ్యాయిని గారి బంధువు చెప్పినది ఆ మేరకు నిజమే. అయితే పీ-8ఐ, డోర్నియర్ వంటి గస్తీ విమానాల పైలట్లు ఒడ్డున ఉన్న స్థావరం నుంచి వెళ్లి తిరిగి వస్తారు కనుక వారి సంసార జీవితం వేరు.

సూళ్లూరుపేట తీరం:

తీర రక్షక దళాన్ని అందరూ మరచిపోతారు కనుక నేను గుర్తు చేస్తున్నాను. మా తమ్ముడు అందులో పనిచేశాడు. 1977లో మొదలైన ఈ దళానికి డోర్నియర్ విమానాలు, చేతక్, ధ్రువ్ హెలికాప్టర్లు ఉన్నాయి. పేరుకు శాంతికాలపు పని అయినా దీనికి విరామమన్నది లేదు. తుపాను హెచ్చరిక రాగానే వాకాడు, తడ వైపు తీరంలో పడవలు ఒడ్డుకు లాగుతుంటే, అదే సమయంలో డోర్నియర్లు సముద్రం మీదికి వెళ్లి వెనక్కి రమ్మని జాలర్లను హెచ్చరిస్తుంటాయి. అందరూ వెనక్కి వచ్చే వాతావరణంలో బయల్దేరడమే ఆ పైలట్ ఉద్యోగం. 2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర, ట్యాంకర్ ఓడలో గాయపడిన నావికుడిని తీసుకురావడానికి రాత్రివేళ వెళ్లిన ధ్రువ్ సముద్రంలో కూలి, నలుగురిలో ఒక్కరే బతికారు.

  

కాళహస్తి పరిశీలకుడు:

సియాచిన్, డెక్ సంగతులు చదివాక గంటల లెక్క ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. కానీ గంటలకు కూడా విలువ ఉందని మళ్లీ చెబుతాను. ఎక్కువగా ఎగిరినవారికే చేతి పట్టు నిలుస్తుంది. భూమ్మీద పనులు ఎక్కువై ఎగరడం తగ్గితే అదే ప్రమాదం కాదా?

రేణిగుంట ఎయిర్‌ఫ్రేమ్:

మీరన్నది సరైన ప్రశ్న. అందుకే ప్రతి పైలట్ ఎంతకాలం ఎగరకుండా ఉన్నాడన్నది స్క్వాడ్రన్ బోర్డు మీద రాసి ఉంచేవారు. ఎక్కువ రోజులైతే శిక్షకుడితో ఎగిరిన తర్వాతే ఒంటరిగా పంపేవారు. అయితే ఎన్ని గంటలు ఎగిరినవారికైనా వాతావరణం పెట్టే పరీక్ష ఉంటుంది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర కూలిన ఎంఐ-17వి5 హెలికాప్టర్‌ను నడిపినది అనుభవజ్ఞుడైన కమాండింగ్ అధికారి. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని, పైలట్‌కు దిక్కు తెలియని స్థితి ఏర్పడి కొండను తాకిందని విచారణలో తేలింది. జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులో మరణించారు. వాయుసేనలో హెలికాప్టర్ పైలట్ ఒక వారం ప్రముఖులను మోస్తాడు, మరో వారం వరదలో చిక్కినవారిని తీస్తాడు. 2021 నవంబరులో చిత్రావతి నదిలో చిక్కుకున్న పదిమందిని కాపాడినది కూడా ఎంఐ-17 హెలికాప్టరే. యుద్ధవిమానం ఒక్కటే పైలట్ ఉద్యోగమని మీ అబ్బాయి అనుకుంటుంటే ఈ సంగతి వాడికి చెప్పండమ్మా, ఎందుకంటే దుండిగల్ వాయుసేన అకాడమీలో శిక్షణ మొదటి దశ ముగిశాక యుద్ధవిమానమా, రవాణానా, హెలికాప్టరా అన్నది వాడి కోరికతో పాటు ప్రతిభను, అవసరాన్ని బట్టి అధికారులు నిర్ణయిస్తారు.

పలమనేరు ఉపాధ్యాయిని:

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. ఇప్పుడు వాడి సందేహాలు రెండు. ఎన్‌డీఏ ద్వారా వెళ్తే పైలట్ అవుతానన్న భరోసా ఏ దళంలో ఎక్కువ? ఒకవేళ పైలట్ ఎంపిక పరీక్షలో తప్పితే దారి మూసుకుపోయినట్లేనా?

నగరి నేవీ:

మొదటిదానికి జవాబు వాయుసేన. అక్కడ ఫ్లయింగ్ శాఖకు ఎంపికైతే మొదటి నుంచీ అదే దారి. నౌకాదళంలో, సైన్యంలో ముందు అధికారి కావాలి, తర్వాత స్వచ్ఛందంగా కోరుకోవాలి, అప్పుడు ఎంపిక కావాలి. కనుక ఎగరడమే ప్రాణమనుకుంటే వాయుసేనను మొదట రాయమనండి. సముద్రం కూడా ఇష్టమైతే నౌకాదళాన్ని రెండో స్థానంలో పెట్టవచ్చు.

రెండోది జాగ్రత్తగా వినండి. సీపీఎస్‌ఎస్ (కంప్యూటర్ మీద జరిపే పైలట్ ఎంపిక) అనే ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందులో తప్పితే ఏ దళంలోనూ పైలట్‌గా అవకాశం ఉండదు. వెళ్లే ముందు రాత్రి బాగా నిద్రపోవాలి, ఇచ్చే సూచనలు ఒక్కటీ వదలకుండా చదవాలి. కాలి పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు, రంగులను గుర్తించే చూపు కూడా చూస్తారు కనుక, మీ ఊళ్లోనే ముందుగా కంటి డాక్టరుకు చూపించండి.

అందులో తప్పినా నౌకాదళంలో అబ్జర్వర్ దారి ఉంది, దానికి ఆ పరీక్ష అక్కర్లేదు. పీ-8ఐలో సోనోబోయ్‌లు (నీటిలోని శబ్దాలు పట్టే తేలియాడే పరికరాలు) ఎక్కడ వదలాలి, వినబడిన శబ్దం జలాంతర్గామిదా కాదా, ఏ దిక్కుకు తిరగాలి అన్నవి తేల్చేది వెనుక తెరల ముందు కూర్చున్న ఆ అధికారులే. వారు చెప్పిన దిక్కుకే ముందున్న పైలట్ విమానాన్ని తిప్పుతాడు.